అరవై ఒకటో కాగితం

లెక్సింగ్టన్,
ఏప్రిల్ 15, 2012

మామ్మకు,

ఒంట్లో ఎలా ఉంది? ఫోన్లో నేనేం చెప్పినా నీకు తేనెటీగల రొదలాగే వినిపిస్తోందని నాన్న చెప్పాడు. అందుకే రాస్తున్నాను. ఈ పూట క్లాసు లేదు. లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దొరికింది.

క్రిస్మస్‌కి ఇంటికొచ్చినప్పుడు నువ్వొక మాట అడిగావు, గుర్తుందా? పంతొమ్మిది వందల నలభైలో జనాభా లెక్క రాసుకున్న కాగితాలు డెబ్బై రెండేళ్ళు మూసి ఉంచి ఈ ఏడు తెరుస్తారట, అందులో మన ఇంటి కాగితం చూసి పెట్టమన్నావు. ఈ నెల రెండో తారీఖున తెరిచారు. ఎవరైనా కంప్యూటర్లో చూడొచ్చు. అయితే ఒక చిక్కు ఉంది. కాగితాల ఫొటోలైతే పెట్టారు గానీ, ఎవరి పేరు ఏ కాగితంలో ఉందో చెప్పే పట్టిక ఇంకా తయారు కాలేదు. దేశమంతటా జనం డబ్బు తీసుకోకుండా ఆ చేతిరాత చదివి పేర్లు ఎక్కిస్తున్నారు. చిన్న రాష్ట్రాలు ఒకటి రెండు అయ్యాయి. మనది ఎప్పుడవుతుందో తెలియదు. నేనూ చేరాను. ఏ రాష్ట్రం కాగితాలు ఇస్తే అవి చదవాలి, మనం కోరుకోవడానికి లేదు. నిన్న నలభై మంది కాన్సాస్ రైతుల్ని ఎక్కించాను.

పట్టిక లేకుండా వెతకాలంటే, అప్పుడు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న లెక్కలాయన ఏ దారిన నడిచాడో ఆ దారినే కాగితాలు తిప్పుకుంటూ పోవాలి. టర్కీ లిక్ వాగు వెంట ఇళ్ళకి నంబర్లు లేవు కదా. అందుకే నువ్వు సాయం చెయ్యాలి. నీకు పదకొండేళ్ళప్పుడు వాగు మొదలు నుంచి పైదాకా ఏ ఇంట్లో ఎవరుండేవారో వరసగా రాసి పంపు.

ఇంకో సంగతి. ఆ ఏడు కొత్తగా ఒక పద్ధతి పెట్టారట. ఇంట్లో ఎవరు చెబితే లెక్కలాయన రాసుకున్నాడో ఆ మనిషి పేరు పక్కన ఒక సున్నా చుట్టి అందులో ఇంటూ గుర్తు పెట్టాడు. గుమ్మంలో నిలబడి ఆయనతో మాట్లాడిందెవరో కూడా మనకి తెలిసిపోతుంది. చిత్రంగా లేదూ?

నాన్న నడుం నొప్పి ఎలా ఉంది? మందు వేసుకోకపోతే నాకు రాయి.

నీ కెండ్రా


టర్కీ లిక్,
ఏప్రిల్ 24

కెండ్రా,

నీ ఉత్తరం అందింది. నా రాత కోడి కెలికినట్టుంటుంది, నాలుగో తరగతితో మానేసినదాన్ని, చదువుకున్నదానివి కూడబలుక్కుని చదువుకో.

వరస చెబుతున్నా. వాగు పెద్దేట్లో కలిసేచోట ముసలి ఆంబర్జీ, ఆయన పెళ్ళాం, వాళ్ళ పిచ్చి మేక. మేకని రాసుకున్నారో లేదో నువ్వే చూడు, ఆ ఇంట్లో పెత్తనమంతా దానిదే. దాని పైన గ్రాన్‌విల్ టెర్రీ. వాడికి ముగ్గురు పెళ్ళాలు, ఒకరి తర్వాత ఒకరు, ఒకేసారి ఉంటే బావుండునని వాడి బాధ. ఆ పైన చర్చి పాకలో ఉండే పాస్టర్. తర్వాత సిండా అక్క, ఊరంతా అలాగే పిలిచేవారు, మొగుడు గనిలో పోయాడు. అందరికంటే పైన మేం. మా తర్వాత కొండే.

నువ్వు అడగలేదు గానీ నాకేం కావాలో చెబుతా. లేకపోతే అన్నీ వెతికి అదొక్కటి వదిలేస్తావు.

నాకు ఓనా అని చెల్లెలుండేది. మీ నాన్నకి కూడా సరిగ్గా తెలీదు. తొమ్మిదేళ్ళు. దానికి మూర్ఛలు. పడిపోయినప్పుడు నేనే దాని తల ఒళ్ళో పెట్టుకునేదాన్ని. మిగతా అప్పుడు నీకంటే నాకంటే హుషారు. ఆ రోజుల్లో అలాంటి పిల్లల్ని కౌంటీ సర్కారువాళ్ళు ఆశ్రమానికి పట్టుకుపోయేవాళ్ళు. అందుకని చేతిలో కాగితాలున్న మనిషి ఎవరొచ్చినా ఓనాని అటక ఎక్కించాలని అమ్మ రూలు. ఆ వసంతంలో లెక్కలాయన వచ్చాడు. ఓనా పేరు ఆయనకి చెప్పేశారు. మూడు వారాలకి కౌంటీ కారొచ్చింది. బాగు చేసి పంపుతామన్నారు. పంపలేదు.

ఎవరు చెప్పారని నాన్న అడిగితే అమ్మ నేనే అంది. ఆ రోజు నుంచి చచ్చేదాకా, పంతొమ్మిదేళ్ళు, నాన్న అమ్మతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా నాతో చెప్పేవాడు. అమ్మ ఎదురుగానే కూర్చుని ఉండేది.

నువ్వు చెప్పిన ఆ సున్నాలో ఇంటూ, అది మా అమ్మ పేరు పక్కన ఉందేమో చూసి చెప్పు. నాక్కావలసింది అంతే.

మీ నాన్న మందు వేసుకుంటున్నాడు, నేను చీపురు పట్టుకుని నిలబడితే.

మామ్మ


లెక్సింగ్టన్,
మే 12

మామ్మకు,

ఓనా గురించి చదివాను. నాకెందుకు ఎప్పుడూ చెప్పలేదు?

మన వాగు పడే కాగితాలు పట్టుకున్నాను. నువ్వు చెప్పిన వరస ఒక్కటీ తప్పలేదు. ముసలి ఆంబర్జీ, ఆయన భార్య ఉన్నారు, మేక లేదు. గ్రాన్‌విల్ టెర్రీ ఉన్నాడు, రెండో భార్యతో. పాస్టర్ ఉన్నాడు. సిండా అక్క, వితంతువు, ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత గీతలోనే లెక్కలాయన కొండ దిగి పక్క వాగులోకి వెళ్ళిపోయాడు. మీ ఇల్లు లేదు. ఇరవై నాలుగు కాగితాలూ రెండుసార్లు చూశాను. స్లోన్ అన్న ఇంటి పేరే ఎక్కడా కనబడలేదు.

మామ్మా, నిన్ను బాధపెట్టాలని కాదు గానీ ఒకమాట చెబుతాను. నేను ఆ చట్టం చదివాను. జనాభా లెక్కలో చెప్పిన సంగతి ఏ కౌంటీకీ, ఏ జడ్జికీ చూపించకూడదు. అందుకే డెబ్బై రెండేళ్ళు మూసి ఉంచారు. కాబట్టి మీ అమ్మ చెప్పి ఉన్నా ఆ కాగితం వల్ల ఓనాని తీసుకెళ్ళడం కుదరదు. పైగా ఆయన మీ ఇంటిదాకా రానేలేదేమో. ఎప్పటి మాటో కదా, రెండు వేరు వేరు సంగతులు నీ మనసులో కలిసిపోయి ఉండొచ్చు. ఇన్నేళ్ళ తర్వాత మీ అమ్మ మీద కోపం పెట్టుకోవడం నీ ఆరోగ్యానికి మంచిది కాదు.

ఓనా ఎక్కడుందో వెతకడమే మనం చెయ్యాల్సిన పని. ఆ రోజుల్లో అలాంటి పిల్లల్ని ఉంచిన ఆశ్రమం పేరు కనుక్కుని వాళ్ళకి ఉత్తరం రాశాను.

నీ కెండ్రా


టర్కీ లిక్,
మే 21

కెండ్రా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివా, చివరిసారి నిలబడి చదివా, కూర్చుంటే కోపం తగ్గుతుందేమోనని.

నాకు మతి పోయిందని రాశావు. పెద్ద పెద్ద మాటల్లో రాశావు, అంతే తేడా. మేం ఆ వాగులో లేమా? మరి మీ నాన్న ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు? నువ్వెక్కడి నుంచి?

మా అమ్మ మీద కోపమని ఎవరన్నారు నీకు? నేను రాసింది ఒకటి, నువ్వు చదివింది ఒకటి. కాలేజీలో ఇదేనా నేర్పేది?

చట్టం కాగితానికి తాళం వేసింది, సరే. రాసినవాడి నోటికి వేసిందా? ఆ కాగితాల పైన లెక్కలాయన సంతకం ఉండాలి కదా. చూడు. హొబర్ట్ పెనిక్స్ అని ఉంటుంది. ఆ రెండు నెలలు లెక్కలు రాశాడు, మిగతా ఏడాదంతా కౌంటీ జడ్జి కారు నడిపేవాడు. ఓనాని తీసుకుపోయిన కారు నడిపిందీ వాడే. దాన్ని వెనక సీట్లో ఎక్కించి తలుపు వేశాడు. అది అద్దంలోంచి నన్ను చూసి నవ్వింది, కారెక్కడం అదే మొదటిసారి. వాషింగ్టన్‌లో ఏ పెట్టెలో ఏ కాగితం దాచారో దాంతో నాకేం పని?

ఓనా ఎక్కడుందో నేను వెతకమనలేదు. ఆశ్రమాలకి రాయమనలేదు. ఆ గుర్తు వెతకమన్నాను.

పోక్ ఆకు వచ్చింది, బావుంది. నువ్వుంటే వండి పెట్టేదాన్ని. ఇప్పుడు మాత్రం పెట్టను.

మామ్మ


లెక్సింగ్టన్,
జూన్ 3

మామ్మకు,

క్షమించు. ప్రతి కాగితం పైనా హొబర్ట్ పెనిక్స్ సంతకం ఉంది, గుండ్రటి అందమైన చేతిరాతతో. ఇన్నాళ్ళూ ఆ పేరు చూస్తూనే ఉన్నాను, ఎవరో అనుకున్నాను. చట్టం గురించి నీకు పాఠం చెప్పినందుకు సిగ్గుగా ఉంది. మన ఇంట్లో కాలేజీ మొహం చూసినదాన్ని నేనొక్కదాన్నే. పుస్తకంలో ఉన్నదంతా నిజమని నమ్మే రోగం నాకు ఇంకా పోలేదు.

గుర్తే వెతుకుతాను. మీ ఇల్లు ఎక్కడో ఉండే ఉంటుంది. మన రాష్ట్రం పట్టిక సగం దాకా వచ్చిందట. కౌంటీలు వరసలో కాదు, అటొకటి ఇటొకటి అవుతున్నాయి.

ఒక్కమాట చెప్పు. గుర్తు మీ అమ్మ పేరు పక్కనే ఉంటే నీకేం వస్తుంది? అందరికీ తెలిసిందే కదా?

నీ కెండ్రా


టర్కీ లిక్,
జూన్ 11

కెండ్రా,

నాకేం వస్తుందో నాకు తెలుసు. నువ్వు చూసి చెప్పు.

మొక్కజొన్న మోకాలి ఎత్తు వచ్చింది. జింకలు తినకపోతే మిగులుతుంది.

మామ్మ


లెక్సింగ్టన్,
ఆగస్టు 9

మామ్మకు,

ఆలస్యానికి ఏమీ అనుకోకు, పని ఎక్కువగా ఉంది. మన కౌంటీ పట్టిక ఇంకా పూర్తి కాలేదట. అందువల్ల కాగితం దొరకలేదు. ఇక దొరకడం కష్టమే అనుకుంటున్నాను. కొన్ని ఇళ్ళు లెక్కలో పడకుండా పోవడం మామూలేనట.

ఆరోగ్యం జాగ్రత్త. నాన్నని అడిగానని చెప్పు.

కెండ్రా


టర్కీ లిక్,
సెప్టెంబర్ 3

కెండ్రా,

లైబ్రరీ వ్యాను మంగళవారం వచ్చింది. ఆ వ్యాను నడిపే రామోనా నీకు తెలుసు, చిన్నప్పుడు గుర్రాల పుస్తకాలు ఇచ్చేది. నలభై ఏడాది లెక్కల పట్టిక మన కౌంటీకి ఎప్పుడవుతుందని అడిగా. "అదెప్పుడో జూన్ నెలాఖరుకే అయిపోయింది కదా వెర్లీ పెద్దమ్మా, మా అమ్మవాళ్ళని నిమిషంలో పట్టుకున్నా. నీది కూడా తీసి తెమ్మంటావా?" అంది. వద్దులే అన్నా.

ఎందుకు వద్దన్నానో తెలుసా? నువ్వు పుట్టినప్పటి నుంచి నాతో అబద్ధమాడలేదు. పిండి డబ్బా పగలగొట్టినప్పుడు కూడా చేతికి పిండితోనే వచ్చి చెప్పావు. నాలుగు పేజీలకి తక్కువ రాసే పిల్లవి కాదు, ఈసారి అర పేజీ రాశావు. అమ్మ పేరు పక్కన గుర్తుంటే నువ్వు అబద్ధమాడవు. మా అన్న డెంజిల్ పేరు పక్కన ఉన్నా ఆడవు. నాన్న పేరు పక్కన ఉన్నా ఆడవు.

ఇంక మిగిలింది ఎవరు?

రామోనా తెచ్చే కాగితం నాకొద్దు. నువ్వు రాసి పంపు. గీత గీత రాయి. నాకు ఎనభై మూడేళ్ళు, పగిలిపోను.

మామ్మ


లెక్సింగ్టన్,
సెప్టెంబర్ 9

మామ్మకు,

జూన్ ఇరవై తొమ్మిదిన పట్టికలో మన కౌంటీ పెట్టారు. స్లోన్ అని కొట్టగానే వచ్చింది. చూసి మూసేశాను. ఆరు వారాలు ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను, తర్వాత అబద్ధం రాశాను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. ఇప్పుడు నువ్వు అడిగినట్టే రాస్తున్నాను.

మీ ఇల్లు వరసలో లేకపోవడానికి కారణం ఉంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఎవరూ చెప్పని ఇళ్ళని వాళ్ళు వదిలేసి, మళ్ళీ వెళ్ళి రాసుకునేవాళ్ళట. అలాంటి ఇళ్ళన్నీ ఊరి కాగితాల చివర, అరవై ఒకటో నంబరు నుంచి వేరేగా పెట్టేవాళ్ళు. మధ్యలో నంబర్లే ఉండవు. ఇరవై నాలుగుతో అయిపోయిందనుకుని నేను ఆపేశాను. మీ ఇల్లు అరవై ఒకటో కాగితంలో ఉంది. తారీఖు మే 3, 1940.

మొదటి గీత: ఈలై స్లోన్, ఇంటి యజమాని, 38, బొగ్గు గని, చదువు లేదు.
రెండో గీత: డోవీ, భార్య, 34, చదువు రెండో తరగతి.
మూడు: డెంజిల్, కొడుకు, 14.
నాలుగు: వెర్లీ, కూతురు, 11, బడికి వెళ్తోంది, నాలుగో తరగతి. పేరు పక్కన సున్నా, అందులో ఇంటూ.
అయిదు: ఓనా, కూతురు, 9, బడికి వెళ్ళదు.

ఎక్కడా కొట్టివేత లేదు. దిద్దింది లేదు. రాత చాలా శుభ్రంగా ఉంది.

మామ్మా, నీకు పదకొండేళ్ళు. ఆ వయసు పిల్లని అడగకూడదని ఆయనకిచ్చిన నియమాల్లోనే ఉండి ఉంటుంది. తప్పు ఆయనది. కారు నడిపిందీ ఆయనే. పంపిన జడ్జిది. నీది కాదు. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

ఆశ్రమం నుంచి జవాబు వచ్చింది. ఆ పేరుతో తమ దగ్గర ఏ వివరమూ లేదని ఒక్క వాక్యం. పాత కాగితాలు నీళ్ళలో తడిసి పోయాయట. తర్వాతి జనాభా లెక్క, పంతొమ్మిది వందల యాభైలోది, రెండు వేల ఇరవై రెండులో తెరుస్తారు. అప్పటికి ఓనా ఎక్కడైనా ఉండి ఉంటే అందులో ఉంటుంది. నేను వెతుకుతాను.

నాకు రాయి. తిట్టయినా రాయి.

నీ కెండ్రా


టర్కీ లిక్,
అక్టోబర్ 2

కెండ్రా,

తిట్టడానికేం లేదు. గీత గీత రాశావు, అలా రాసినందుకు సంతోషం.

ఇప్పుడు నేనూ చెబుతా. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మొదటిసారి వాడొచ్చినప్పుడు అమ్మ తలుపు తియ్యలేదు. కిటికీలోంచి "ఇక్కడ లెక్కపెట్టడానికేం లేదు, పో" అంది. రెండోసారి వచ్చినప్పుడు అమ్మ ఇంట్లో లేదు, సిండా అక్క కూతురికి పురుడు పొయ్యడానికి వెళ్ళింది. నేను మెట్ల మీద కూర్చుని బడి పుస్తకం చదువుతున్నా. ఓనాని అటక ఎక్కించే ఉంచా. హొబర్ట్ పెనిక్స్ టోపీ తీసి, "ఈ ఇంట్లో చదవొచ్చింది నీకొక్కదానికేనా?" అన్నాడు. అవునన్నా. "అయితే వీళ్ళందరిలో తెలివైనదానివి నువ్వే, మీ నాన్నకంటే కూడా. నువ్వు చెబితే తప్పుండదు" అన్నాడు. అంతే. పక్కన కూర్చున్నాడు. పుట్టిన తారీఖులతో సహా చెప్పా. ఓనా పేరు వాడు రాస్తుంటే తొంగి చూసి ఒక్కో అక్షరం చెప్పా కూడా. అదెందుకు బడికి పోదని అడిగితే మూర్ఛలని చెప్పా. నాకు అన్నీ తెలుసునని వాడికి తెలియాలని చెప్పా.

వాడు కాగితం మడుస్తుంటే అమ్మ దారి మలుపులో కనబడింది. నా మొహం చూసింది, వాడి చేతిలో కాగితం చూసింది. వాడి వెంట వాగు దాకా పోయింది. చాలాసేపు అక్కడే నిలబడి మాట్లాడింది, నీళ్ళ చప్పుడుకి నాకేం వినబడలేదు. తిరిగొచ్చి నాతో ఒక్క ముక్క అనలేదు. వంట చేసింది.

కారొచ్చి వెళ్ళిన రోజు సాయంత్రం నాన్న గని నుంచి వచ్చి, "ఎవరు చెప్పారు?" అన్నాడు. నేను నోరు తెరిచా. అమ్మ నాకంటే ముందు "నేను" అంది. నా వైపు చూడకుండా అంది.

ఇక అప్పటి నుంచి నేనొకటి అనుకుంటూ వచ్చా. ఆ వాగు దగ్గర అమ్మ వాడి చేత నా కాగితం చింపించి తనే మొదటి నుంచి చెప్పిందేమో, అయితే అమ్మ అన్నది నిజమే కదా అని. నాన్న ఉప్పు అడిగిన ప్రతిసారీ అలా అనుకున్నా. అమ్మ పోయినప్పుడు అనుకున్నా. ఈ కాగితాలు తెరుస్తారని రేడియోలో విన్నప్పుడూ అదే అనుకున్నా. ఒక్క గుర్తు చాలు, ఇంక నిశ్చింతగా పోతానని.

ఇప్పుడు తెలిసింది. అమ్మ అక్కడ చెప్పడానికి పోలేదు. ఓనా పేరు కొట్టెయ్యమని వాణ్ణి బతిమాలడానికి పోయింది. వాడు కొట్టలేదు. రాత చాలా శుభ్రంగా ఉందన్నావు.

నా తప్పు కాదని రాశావు. ఓనా సంగతి నువ్వన్నట్టే అనుకుందాం, పదకొండేళ్ళ పిల్లని. కానీ నాన్న పోయేసరికి నాకు ముప్ఫై ఏళ్ళు, కెండ్రా. పెళ్ళయింది, మీ నాన్న పుట్టాడు. పంతొమ్మిదేళ్ళలో ఏ రోజైనా ఆ బల్ల దగ్గర ఒక్కమాట చెప్పి ఉండొచ్చు. అమ్మ నా కంచంలో రొట్టె వేస్తుంటే తలొంచుకుని తిన్నా. ఇది ఏ లెక్కలాయనా రాసుకోలేదు, ఏ జడ్జీ చెయ్యలేదు.

బడి ఎందుకు మానేశానని చిన్నప్పుడు అడిగేదానివి. ఇంట్లో పనుందని చెప్పేదాన్ని. పనేం లేదు.

పదేళ్ళకి మళ్ళీ తెరిస్తే వెతుకు, వద్దనను. నాకోసం మాత్రం వెతక్కు.

ఒక పని చెబుతా. నేను పోయాక నన్ను మీ తాత పక్కన కాదు, గుట్ట మీద మా అమ్మ కాళ్ళ దగ్గర పెట్టమని మీ నాన్నతో చెప్పా. మా నాన్నని అప్పుడే ఆయన తరఫువాళ్ళ గుట్టలో పెట్టారు, అమ్మ అక్కడ ఒక్కతే ఉంది. ఎందుకని మీ నాన్న అడిగాడు. అక్కడ పొద్దుటెండ బావుంటుందని చెప్పా.

నిన్ను అడిగినా అదే చెప్పు.

మామ్మ